కాయల కోసం

కళ్యాణదుర్గం బస్టాండు వెనక, రేకుల గదిలో,
సాయంత్రం ఆరు బ్యాచికి
బోర్డు మీద రాసినాను:
వర్కింగ్ ఫర్ పీనట్స్.

అంటే ఏమని అడిగితే
శెనక్కాయల కోసం పని చేసేదని సగం మంది.
నవ్వినాను.
కాదురా, చాలీచాలని జీతానికి,
లెక్కలోకి రాని కూలికి అట్లంటారు.
వాళ్ల మాటలో శెనక్కాయంటే చిల్లర.

గది నిమ్మళమైంది.
బయట ఆటోవాడు రాయదుర్గం రాయదుర్గం అని అరుస్తున్నాడు.

వెనక బెంచీలో పెన్నోబిలేసు లేచినాడు.
ఇంటరు తప్పి, మెకానిక్ షెడ్డు నుంచి
గ్రీజు చేతులతో నేరుగా వచ్చేవాడు.
"సార్, ఇత్తనం కాయల మూటకి
మా జేజి మూడు దినాలు లైన్లో ఉండె.
రాత్రికి చెప్పులు లైన్లో పెట్టి
పాసుబుక్కు రైకలో దోపుకుని పక్కనే పండుకుండె.
చిల్లరకి అంత లైను ఎందుకుంటాది సార్?"

నా కాడ సుద్దముక్క ఉంది, జవాబు లేదు.
మాట మార్చడానికి
సొంత వాక్యంలో వాడి చూపించమన్నాను.

కూడబలుక్కుని చెప్పినాడు:
మై మదర్ వర్క్స్ ఫర్ పీనట్స్.

తప్పు పట్టడానికేం లేదు.
వర్క్స్‌లో ఎస్ కూడా మర్చిపోలేదు.
వన్నూరమ్మ నాకు తెలుసు,
మిల్లు కాడ కాయలు ఒలిచే ఆడోళ్లలో
బొటనవేలి గోరు అరిగి సగమైనామె.
గింజ నోట్లో వేసుకుంటే గుమాస్తా కూలిలో పట్టుకుంటాడని
పనంతసేపూ వక్కాకు నములుతా ఉంటాది.
సేరు గింజలకు ఇంతని లెక్క.
ఆ కూలి పెట్టి కొనేది మళ్లా ఇత్తనం కాయలే,
అవి మొలిచేది, వానకు రాసిపెట్టి ఉంటే.
దీంట్లో యా అర్థం పుస్తకానిది, యా అర్థం ఆమెది,
విడదీయలేక
టిక్కు పెట్టినాను.

నెలాఖరున ఫీజులో రెండు నూర్లు తక్కువ తెచ్చినాడు.
దాంతోపాటు ఒక క్యారీబ్యాగు, ఇంకా వెచ్చగా,
ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయలు.
"అమ్మ ఇమ్మనె సార్."

ట్యూటోరియలు ఓనరు నెలకు నాకిచ్చేదెంతో
ఆ పిల్లోళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.
అందరూ పోయినాక, బెంచీ మీద పేపరు పరిచి
ఒక్కటొక్కటే ఒలుచుకుంటా కూర్చున్నాను,
పొట్టు కుప్పయ్యేదాకా.

ఒకటి పుచ్చింది తగిలింది. నోరంతా చేదు.
ఉమ్మి రావచ్చు, వాకిలి రెండడుగులే.
ఇంకో కాయ ఒలిచి
దాని మీద వేసుకున్నాను.