సగం దెబ్బ

కెమి రేవులో సముద్రం గడ్డకట్టి రెండు నెలలు.
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
సైమి వాళ్ల గుమ్మం దగ్గర ఐదు జతల బూట్ల నుంచి
మంచు కరిగి, పట్టా మీద మడుగు కట్టింది.
లోపల బల్ల మీద కాఫీ, యాలకుల రొట్టె,
ఇరవై ముఖాల పాచిక,
గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసిన పాడుబడ్డ మఠం.

రూల్సు పుస్తకం నాది.
అట్ట ఊడితే గాయానికి వేసే ప్లాస్టరుతో అతికించాను.
ఈ బల్ల దగ్గర నా జోకులకు ఎవరూ నవ్వరు,
పేజీ నంబరు కావలసినప్పుడు మాత్రం
అందరూ నా మొహమే చూస్తారు.

ఆ శనివారం గోడలోంచి దయ్యం వచ్చింది.
అంటే, వచ్చిందని తూరె చెప్పాడు.
వారమంతా బస్సు నడిపి
శనివారం మాకోసం ఒక లోకం నడుపుతాడు.
"బూడిదరంగు సన్యాసిని. పాదాలు నేలకు ఆనడం లేదు."

ఇక తగువు.
గోడలోంచి దూరేది నేలలోంచి ఎందుకు జారిపోదు? ఓస్మో.
గాలిలో తేలుతుంది కాబట్టి. నూట పన్నెండో పేజీ. నేను.
తేలడం మరచిపోతే?
మరచిపోదు.
కునుకు పడితే?
దయ్యానికి నిద్ర లేదని కూడా రాసి ఉంది,
చదివి వినిపించాను, రెండుసార్లు.

తర్వాత గోడ.
ఘనపదార్థం లోపల తన వంతు ముగిస్తే
దయ్యానికే దెబ్బ.
ఏ గోడ? అంది సైమి.
వాళ్ల తాత దుంగల ఇళ్లు కట్టినవాడు,
దుంగకీ దుంగకీ మధ్య నాచు కూరేవాడట,
వేలు దిగేంత మెత్తగా.
నాచు ఘనమా, చెప్పు?
గోడకు చెవులుంటాయని విన్నాను గాని
నాచు ఉంటే ఏం చేయాలో
పుస్తకం రాసినవాళ్లకు తోచలేదు.
ఓటింగు పెట్టారు. నాచు గెలిచింది.
వ్యతిరేకంగా పడిన ఒక్క ఓటూ నాదే.
నేను పట్టిన కుందేటికి మొదటి నుంచీ మూడే కాళ్లు.

అప్పటిదాకా నోరు విప్పనిది కెర్తు.
వృద్ధుల వార్డులో రాత్రి డ్యూటీ ఆమెది,
పది కాగానే లేచి వెళ్లిపోతుంది.
ఆటలో ఆమె గొడ్డలి పట్టిన మరుగుజ్జు.
"గొడ్డలి కింద పెట్టేశాను," అంది.
"ఆమెను కావలించుకుంటున్నాను."

కావలింత దాడి కిందికి వస్తుందా?
నవ్వుతారేమో అనుకున్నాను, ఎవరూ నవ్వలేదు.
పేజీలు తిప్పాను.
మంత్రం లేనిది ఏది తాకినా దయ్యానికి చేరేది సగం.
సగంలో ముక్క మిగిలితే కింది అంకె.
ఉత్త చేతికి బలం ఒకటి.
ఒకటిలో సగం అర. అరకు కింద సున్న.
"చేరదు," అన్నాను.
అక్షరం పొల్లు పోలేదు.
హీటరు ఒకసారి టక్కుమంది.

"ఒంటి చేత్తో ఎవరు కావలించుకుంటారు?" అంది కెర్తు.

రెండు చేతులు. రెండు.
రెండులో సగం.

నా కుర్చీ కాస్త పక్కవాటుగా ఉంటుంది,
తూరె నిలబెట్టిన అట్ట వెనక ఏముందో నాకు కనబడుతుంది,
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.
సన్యాసిని ప్రాణం అక్కడ పెన్సిలు అంకె.
ఉదయం నుంచి మేము కొట్టి కొట్టి
ఒకటికి తెచ్చాం.
తూరె నావైపు చూశాడు.
పేజీ నంబరు కోసం కాదు.

దెబ్బకీ స్పర్శకీ తేడా చెప్పే వాక్యం
ఆ పుస్తకంలో ఎక్కడో ఉండాలి.
చివరి అకారాది పట్టికలో కూడా చూశాను.
'స్పర్శ' అన్న మాట ఉంది, ఎదురుగా: 'దాడి' చూడుము.

"చేరింది," అన్నాను.

తూరె రబ్బరు తీసుకున్నాడు.
అరచెయ్యి అడ్డం పెట్టి ఏం చెరిపాడో, ఏం రాశాడో
ఈసారి నాకు కనబడలేదు.
"చల్లగా ఉందా?" కెర్తు అడిగింది.
"కొంచెం. తడిసిన ఊలు లాగా."
ఆమె గడియారం చూసుకుంది, పది దాటి ఏడు నిమిషాలు,
కోటు మాత్రం అందుకోలేదు.

ఇంటికొచ్చి నూట పన్నెండో పేజీ అంచున
చిన్న అక్షరాలతో రాసుకున్నాను:
రెండు చేతులైతే చేరును.
దాని కింద ఇంకో గీత గీసి,
నాచు మాత్రం ఘనమే.