సారయ్యా అని పిలిస్తే

పరకాల జూనియర్ కాలేజీల, పగటన్నం తర్వాతి పీరియడ్.
ఫ్రాన్సు రాజుల వంశవృక్షం బోర్డు మీద గీస్తున్న.
లూయీ కింద లూయీ, ఆ లూయీ కింద లూయీ.
సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తాకింది.
రేగొండ బస్సుల వచ్చే అంబిక వెనక బెంచీల నుంచి లేసింది:
"మేడం, వాళ్లకు వేరే పేర్లు దొరకలేదా?"

అందరు నవ్విన్రు. నేను గూడ.
నవ్వు ఆగినంక చెప్పిన:
పదకొండు నెలలల్ల ఆ ఇంట్ల మూడు పాడెలు లేసినయి.
ముసలిరాజు గద్దె మీదనే కూసోని చూసిండు.
ముందు కొడుకు, అమ్మవారు పోసి.
చలికాలం మనుమడు, తట్టు లేసి.
ఇరవై దినాలు గూడ కాలే, ఐదేండ్ల మునిమనుమడు.
వాని తమ్మునికి రెండేండ్లు.
ఇద్దరు పిల్లలకు జ్వరంలనే, ఒక్కనాడే,
హడావుడిగ ఒకటే పేరు పెట్టిన్రు, లూయీ, లూయీ,
చావుకు చీటీ రాసిచ్చినట్టు.
పెద్దోనికి వైద్యులు నెత్తురు తీసిన్రు. అదే రాత్రి పోయిండు.
చిన్నోణ్ణి ఒక దాది గదిలకు తీస్కపోయి గడియ పెట్టుకున్నది,
ఎవ్వలొచ్చి కొట్టినా తియ్యలే.
ఒక రాజ్యం ఆ గడియ వెనుకనే బతికింది.

ఇది పరీక్షల రాదు. అయినా రాసుకున్నరు పిల్లలు.

నాకు మా నాయినమ్మ యాదికొచ్చింది.

మా ముత్తాత సారయ్య, సారలమ్మ గద్దె కాడ మొక్కుకుంటే పుట్టినోడు.
ఆయన ముగ్గురు కొడుకులు
తొలుసూరు మగపిల్లగానికి తండ్రి పేరే పెట్టుకున్నరు.
ఎవ్వలూ తగ్గలే.
పెద్ద సారయ్య, నడిపి సారయ్య, చిన్న సారయ్య.
వాకిట్ల నిలబడి ఒక్క కేకేస్తే
ఇద్దరు ఉరికొచ్చేటోళ్లు, మూడోవాడు తొట్టెల్ల ఏడ్సేటోడు.

చలివాగు ఎండిన ఏడు ఊర్లకు అమ్మవారొచ్చింది.
పెద్దోడు సోమారం పోయిండు.
నడిపోడు బేస్తారం దాక ఆగిండు.
ఆ మాపు మా నాయినమ్మ చంటోణ్ణి పెంటకుప్ప మీద పండబెట్టి
వెనక్కి తిరిగి చూడకుంట నడిసింది.
పక్కింటి లచ్చవ్వ ఎత్తుకున్నది.
చాటెడు నూకలిచ్చి మళ్ల కొనుక్కున్నది, కన్న కొడుకును.
"వీడు సారయ్య గాదు, పెంటయ్య"
అని గాలికి ఇనబడేటట్టు మూడుసార్లు అన్నది.
మాటలొచ్చినంక వానికి నేర్పిన తొలి నీతి ఒకటే:
సారయ్యా అని ఎవ్వలు పిలిచినా పలుకకు బిడ్డా.

ఎనభై ఏండ్లు పలుకలే మా పెద్దబాపు.

మూడెకరాల పన్నెండు గుంటలు.
ముత్తాత మనుమడు సారయ్య పేర రాయించిండు,
ఏ సారయ్యో రాయించలే.
ఇద్దరు మట్టిలున్నరు. ఆధార్ల ఉన్నది పెంటయ్య.
ఇద్దరూ ఒక్కడే అని నోటరీ కాగితం తెమ్మన్నరు,
తెచ్చిన. ఫొటోలు అడిగిన్రు, ఇచ్చిన.
ఇగ వేలిముద్ర ఒక్కటే.

తహసీల్ ఆఫీసు రేకుల కింద బెంచీ.
కిటికీల నుంచి గుమాస్తా: "సారయ్య! సారయ్య ఎవరు?"
పెద్దబాపు అగ్గిపుల్ల గీసుకుంటున్నడు.
చెవులు మంచిగనే ఇనబడుతయి ఆయనకు,
దూరంల మేక దగ్గినా చెప్పుతడు.
"సారయ్యా!"
పుల్ల వేలు దాక కాలింది. ఇదిలియ్యలే.
మూడోసారి పిలిచినంక
నా దిక్కు వంగి, మెల్లగ,
"మనల్ని గాదు," అన్నడు.