పద్నాలుగో ప్రశ్న

రెండు రోజులు జీపులో, దుమ్ములో, గోబీ లోపలికి.
వెంట నలభై కాగితాలు, రెండు పెన్సిళ్ళు.
చలికి సిరా గడ్డకడుతుందని పెన్సిళ్ళే ఇస్తారు మాకు.

త్సెరెన్‌దొల్గోర్ గారి గెర్ ముందు ఆగి
కుక్కని పట్టుకోమని కేకేసి
తలవంచి, గడప తొక్కకుండా లోపలికెళ్ళాను.
ఎండు పేడ పొయ్యి. ఉప్పేసిన పాల టీ.
పేరు, వయసు, ఒంటెలెన్ని, పిల్లలెందరు
అన్నీ గళ్ళలో ఇట్టే ఒదిగిపోయాయి.

పద్నాలుగోది అక్షరం పొల్లుపోకుండా చదివాను:
"గని వచ్చాక నీటి విషయంలో
ప్రభుత్వ పనితీరు మీకెంత సంతృప్తిగా ఉంది?
ఒకటి అంటే అస్సలు లేదు, అయిదంటే పూర్తిగా."

ఆమె లేచి బయటికి నడిచింది.
బావి దగ్గర చేదతాడు నా చేతుల్లో పెట్టింది.
"ఏడు బారలుండేది. మా ఆయన పేనాడు, ఒంటె బొచ్చుతో.
గని వచ్చిన ఏడాది చాల్లేదు, ఒక ముడి.
మా చిన్నాడి పెళ్ళికి నీళ్ళు తోడబోతే ఇంకోటి.
మొన్న మంచుకి ముందు, ఇదిగో, ఈ నైలాన్ ముక్క."
తడిమి చూశాను.
"ఎంతని రాసుకోనమ్మా?"
"లెక్కపెట్టావుగా."

చీకటి పడుతోంది. ఇంకా పదకొండు గెర్లున్నాయి.
డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.
మూడు అని రాశాను.

ఉలాన్‌బాతర్‌లో మూడుకి అర్థం ముందే అచ్చయి ఉంది:
సంతృప్తీ లేదు, అసంతృప్తీ లేదు.
కొట్టివేతల్లేవని, ఖాళీల్లేవని
మా అధికారి గాన్సుఖ్ నా కట్టని పైకెత్తి అందరికీ చూపించాడు.

నెల తిరక్కుండా రేడియోలో ఒక నున్నటి గొంతు.
దక్షిణాన ప్రజాభిప్రాయం మధ్యస్థంగా ఉందట.
ప్రజల మాట శిరోధార్యమట.
అందుకని రెండో గనికి అనుమతట.
వాళ్ళు అబద్ధమేమీ ఆడలేదు.
ఆ మూడు నా చేతిరాతే.

మా తాత రోజుల్లో అడిగేవాళ్ళే లేరు,
చప్పట్లు కొట్టమనేవాళ్ళే.
ఇప్పుడు అడుగుతున్నారు, నిజంగానే.
అడగడానికి నాకు జీతమిస్తున్నారు.

వసంతంలో మళ్ళీ ప్రయాణం.
కొత్త కాగితం, అదే పద్నాలుగో ప్రశ్న.
ఈసారి అడుగున "ఇతర వివరాలు" అని ఒక గీత,
జానెడు కూడా లేదు.
బారల్ని అందులో ఎలా పట్టించాలా అని
దారిపొడుగునా పెన్సిల్ కొరుకుతున్నాను.

ఈపాటికి నాలుగో ముడి పడే ఉంటుంది.
నాలుగని రాశానా,
సంతృప్తి పెరిగిందంటారు.