తెల్లటి అంచు

రిజేలో వాన లేని రోజు తక్కువ.
ఆస్పత్రి నేలమాళిగలో ఎమ్మారై యంత్రం
టకటక, టకటక, నలభై నిమిషాలు.
అన్నీ కంసాలి దెబ్బలే,
కమ్మరి దెబ్బ ఒక్కటీ లేదు.

లోపల హవ్వా.
ఏభై ఒక్క ఏళ్లు, ముప్పై ఆరు తేయాకు కోతలు.
నల్లసముద్రం వైపు వాలిన కొండల మీద
మూపున మోసిన మూటల లెక్క
ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.
"కదలకు" అన్నారు.
నడుం వాల్చడం ఇంత కష్టమని
ఆమెకి ఇవాళే తెలిసింది.

పక్క గదిలో డాక్టర్ బెర్నా
వెన్నెముకను తెర మీద చూస్తోంది
పొరలు పొరలుగా, ముంజె కోసినట్టు.
నాలుగో పూసకీ ఐదో పూసకీ నడుమ
గుజ్జు గోడ దాటింది.
దాటి, తెగి, కిందికి జారి
నరం మీద కూర్చుంది,
అద్దె కట్టని మనిషిలా.

నిన్న తుర్గుత్ వచ్చాడు, మినీబస్సు డ్రైవరు.
అతనిది గోరంత ఉబ్బు.
"ఇంతేనా" అని నవ్వాడు. బెర్నా నవ్వలేదు.
గోడ దాటని గుజ్జుని ఒళ్లు తనదే అనుకుంటుంది.
తనదనుకున్నదాన్ని తినడానికి
ఏ ఒంటికీ తొందర ఉండదు.

ఇవాళ, నరానికి మందు ఎక్కించాక తీసిన బొమ్మలో
తెగిపడ్డ ముక్క చుట్టూ
ఒక తెల్లటి అంచు వెలిగింది,
టీ గ్లాసు మూతి మీద దీపం నిలిచినట్టు.
అంటే కొత్త రక్తనాళాలు వచ్చాయి.
అంటే ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపట్టింది.
అంటే
బెల్లం ముక్కకి చీమలు పట్టాయి.

పక్క కిటికీలో కొత్త ప్రోగ్రాము
తన అంకె తాను వేసింది: డెబ్భై ఎనిమిది.
ఇలాంటి బొమ్మలు నూరుంటే అంతమందికి
కత్తి పడకుండానే తగ్గుతుందట.
మిగతా ఇరవై రెండుగురి పేర్లు దానికి తెలియవు.
బెర్నాకి ఇద్దరు ముగ్గురివి తెలుసు.
ఒకతని పాదం ఇప్పటికీ
మెట్టు మెట్టుకీ ఈడ్చుకుపోతుంది.

వంగలేక, కాలివేళ్లతో చెప్పులు వెతుక్కుంటూ
హవ్వా బొమ్మకేసి చూసింది.
"ఇంత పెద్దదా!"
"పెద్దది కాబట్టే..." అంది బెర్నా,
అంకెను నోట్లోనే ఉంచుకుని.
"కాలు మొద్దుబారినా, మూత్రం ఆగినా
ఆ రాత్రే రా. తెల్లారేదాకా చూడకు."

హవ్వా అడిగింది ఒకటే:
"మే నెల కోతకి?"
బెర్నా కణుపులు లెక్కపెట్టింది,
డిసెంబరు నుంచి, రెండు సార్లు.
"ఆకు కొయ్యి. మూట మాత్రం మొయ్యకు."
"మరి మూట ఎవరు మోస్తారు?"

ఏ కోణంలో తీసినా
ఆ ప్రశ్న బొమ్మలో పడదు.
బెర్నా తెర వైపు తిరిగి
అక్కర్లేకపోయినా ఇంకోసారి పెద్దది చేసి చూసింది.

గుమ్మం దగ్గర ఆయా చెయ్యి చాచింది,
బొమ్మల కవరు తాను తెస్తానని.
హవ్వా ఇవ్వలేదు.
చంకలో పెట్టుకుని, వానలోకి చూస్తూ,
"తేలికే" అంది.