అంచున రాసిన మాట

మాదాపూర్‌లో పదకొండో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ భుజాల నిండా కప్పుకుని
రెండు రోజులు నేర్చుకున్నాను:
కస్టమర్ పేరు మాటల్లో మూడుసార్లు రావాలి,
పిల్లల చదువు అడగాలి,
నవ్వు కళ్లదాకా వెళ్లాలి.
"సంబంధం అంటే పెట్టుబడి" అన్నాడు హేమంత్ సార్.
రాసుకున్నాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

సోమవారం రాణీగంజ్.
బస్సు దిగగానే గ్రీజు వాసన,
తోపుడుబండి మీద తడి గోనె కింద
పాముల్లా చుట్టుకున్న ఇనుప గొలుసులు.
నా బ్యాగులో బేరింగుల క్యాటలాగు,
ఫోనులో నూట నలభై పేర్లు,
ప్రతి పేరు పక్కనా
పుట్టినరోజు, పెళ్లిరోజు, ఆఖరి ఆర్డరు.

ఖుద్దూస్ సాబ్ దుకాణం అగ్గిపెట్టెంత.
"ఎలా ఉన్నారు ఖుద్దూస్ సాబ్,
బేరం ఎలా ఉంది ఖుద్దూస్ సాబ్,
మీ అబ్బాయి ఇంటర్ ఎలా రాశాడు ఖుద్దూస్ సాబ్?"
కళ్లజోడు పైనుంచి చూశాడు.
"నా పేరు నాకు యాదికుందమ్మా.
కూసో. చాయ్ వస్తది."

ఆ రోజు ఆర్డరు రాలేదు.
ఆ నెలంతా రాలేదు.
చాయ్ మాత్రం వచ్చింది.

ఆయన దగ్గరా ఒక ఖాతా పుస్తకం ఉంది,
కుడి నుంచి ఎడమకు నడిచే, నాకు రాని లిపిలో.
ప్రతి పద్దు అంచునా పెన్సిలుతో ఏదో చిన్న మాట.
"పుట్టినరోజులా?" అన్నాను.
వేలు పెట్టి చదివి వినిపించాడు.
భువనగిరి పిండిగిర్ని మల్లేశం, పదకొండు వేలు బాకీ:
భార్య దవాఖానల ఉంది, రంజాన్ దాకా అడగొద్దు.
కుషాయిగూడ లేత్ మిషనాయన:
కొడుకు ముందర పైసల మాట ఎత్తొద్దు.
ఇంకొకాయన, పేరు చదవలేదు:
ఉద్దెర ఇయ్యి, సలహా ఇయ్యకు.

ఎప్పుడు అడగాలో అంతా నా ఫోనులో ఉంది.
ఎప్పుడు అడగొద్దో రాసుకునే గడి
అందులో లేనే లేదు.

అదే రాత్రి బోడుప్పల్‌లో
ఉద్యోగం పోయిందని చెల్లెలు రవళి చెబుతుంటే
"నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోంది రవళీ,
నీ స్థానంలో ఎవరున్నా ఇట్లాగే బాధపడతారు రవళీ" అన్నాను.
అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.
"అక్కా, నాకేం అమ్ముతున్నవ్?"
పచ్చిపులుసుకు చల్లారడమంటూ ఉండదు గానీ
ఆ పూట చల్లారింది.

వానలు వెనకబట్టాక ఒకరోజు
నేనే చెప్పాను: "కొత్త లాట్ దించుకోకండి సాబ్,
మౌలాలి నుంచి ఆరు తిరిగొచ్చినయ్.
ఆఫీసులో ఇంకా ఎవరూ ఒప్పుకోవట్లేదు."
పేరు ఒక్కసారి కూడా పిలవడం మర్చిపోయాను.
ఆయన ఏమీ అనలేదు.
చెవి మీది పెన్సిలు తీసి
నా పద్దు అంచున ఏదో రాశాడు.
"ఏం రాశారు?"
"నువ్వు చదివేటందుకు కాదు" అన్నాడు.

ఇవాళ ముప్పయ్యో తారీఖు.
టార్గెట్‌కు ఇరవై రెండు వేలు తక్కువ.
కౌంటరు పక్క స్టూలు మీద కూర్చున్నాను.
నేను అడగలేదు.
ఆయనా క్యాటలాగు తెరవలేదు.
బ్యాగులో ఫోను రెండుసార్లు వణికి ఊరుకుంది.
రవళికి ఇంటర్వ్యూ ఉంది, పదకొండింటికి,
ఎట్లా అయిందని నేను అడగను.
పొద్దుగూకి ఇంటికెళ్లి ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంటాను,
చెప్తే వింటాను.

కుర్రాడు చాయ్ తెచ్చాడు.
చక్కెర తక్కువ.
ఈ గల్లీలో నేనెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

బయట ట్రాలీ ఆటో అడ్డంగా ఆగింది.
ఎవరో ఎవరినో తిడుతున్నారు,
ఎంతో చనువుగా.