ముప్ఫై ఒకటో వారం

టైరు పక్కన అరచెయ్యంత మేర తుడిస్తే
గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు: 3114.
రెండువేల పద్నాలుగు, ముప్ఫై ఒకటో వారం.
నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ పదకొండే,
కింద తిరిగే రబ్బరుకేమో
కొత్త రాష్ట్రమంత వయసు,
రెండు నెలలు తక్కువ.

గాడులు బాగానే ఉన్నాయి.
రూపాయి బిళ్ళ నిలబెడితే మునుగుతోంది.
తిరిగితేనా అరగడానికి?
నన్ను కంపెనీ వ్యాను తీసుకుపోతుంది.
మూసారాంబాగ్‌లో మా మెట్ల కింద
మ్యాక్స్ హండ్రెడ్ ఒక పక్కకి ఒరిగి
ఆదివారం మటన్ కోసం ఎదురుచూస్తుంది.

చిక్కంతా పక్కలకే.
జొన్నరొట్టె అంచు పగిలినట్టు
సన్నగా, చుట్టూతా.

"అమ్మితే ఎనిమిది వేలు రావు,
దీనికి నాలుగు వేల టైర్లేస్తవా?"
చిక్కుడుకాయ ఈనె తీస్తూ అనసూయ.
ఆమె లెక్క తప్పు కాదు.
నా లెక్కే కాగితం మీదికి రాదు.
తొంభై ఆరులో చాదర్‌ఘాట్ వంతెన మీద
వెనక కమ్మీ వదిలేసి నా భుజం పట్టుకున్నావు కదా,
దానికెంత వేయమంటావు?
"నేనేం పట్టుకోలే. గుంత వచ్చింది."

నేను లిఫ్టులు చూసేవాణ్ణి.
ఇరవై ఆరేళ్ళుగా మెషిన్ రూముల్లో
ఇనుప తాళ్ళ మీద గుడ్డ పట్టి జారుస్తూ
పోగు చిక్కుకున్న చోట
తెగిన తీగ ఉందని చెప్పేవాణ్ణి.
పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో ఐదంతస్తులు.
సెక్రటరీ ప్రభంజనరావు గారు
"బానే నడుస్తోంది కదయ్యా, దసరా దాకా లాగదా?"
అంటే గట్టిగానే చెప్పాను:
"తెగే ముందు రోజు కూడా బానే నడుస్తుంది సార్."

ఆ మాటే ఇప్పుడు మెట్ల కింద
మోకాళ్ళ మీద కూర్చున్న నా దగ్గరికి
రసీదు పుస్తకం పట్టుకుని వచ్చింది.

అయినా రెండు వారాలు తిరిగాను,
పర్లేదు అనే మనిషి కోసం.
పంక్చర్ల పిల్లాడు "ఇంకో ఏడాది" అన్నాడు.
అతని మాట నాకు చాలా నచ్చింది.
బంకులో గాలి పట్టే ముసలాయన ఏమీ అనలేదు.
ముప్ఫై పాయింట్లు అడిగితే
ఒకసారి పక్కలు చూసి
ఇరవై ఆరు దగ్గరే ఆపేశాడు.

పుత్లీబౌలిలో ఖుద్దూస్ భాయ్
కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు.
బొటనవేలి గోరు గుచ్చాడు. దిగలేదు.
"గట్టిపడ్డది భాయ్. గట్టిదే మంచిదనుకుంటరు అందరు.
రోడ్డును పట్టాల్నంటే మెత్తగుండాలె."

వెనకదొక్కటే మారుద్దామని బేరం పెట్టాను.
ఆయన పానా కింద పెట్టి
ఇలియాస్‌ను చాయ్‌కి పంపాడు. పొడవైన బేరమని తెలిసి.
"వెనకది పేలితే నీ పాంటు చినుగుతది.
ముందుది పేలితే నువ్వే పోతవ్.
ఏది ఉంచమంటవో నువ్వే చెప్పు."

రెండూ ఊడాయి.
వెనక ట్యూబు మీద పదకొండు ప్యాచీలు.
నాగోల్. గడ్డిఅన్నారం సంత. సంతోష్‌నగర్, పరీక్ష రోజు.
ఎనిమిదింటికి రోడ్లు గుర్తొచ్చాయి,
మూడింటికి రాలేదు.
ఇలియాస్ ఒక టైరును చేత్తో దొర్లించుకుంటూ
గల్లీలోకి పరుగు తీశాడు.
ఎంత గుండ్రంగా పోయిందో అది.
పిలుద్దామని నోటిదాకా వచ్చింది.

"వంద కిలోమీటర్లు మెల్లగ పోవాలె.
కొత్తది కూడ జారుతది."

కోఠి దాటేసరికి చినుకు.
నాలుగో గేరు వేయలేదు.
వెనక సిటీ బస్సు హారన్ మీద హారన్.
ఒంటినిండా సన్నని రబ్బరు వెంట్రుకలతో
ముందు చక్రం తడి రోడ్డును
కొత్త కోడలు వంటింటి డబ్బాలు తడిమినట్టు
తడుముకుంటూ పోయింది.
వంతెన మీద గుంత అక్కడే ఉంది. భుజం ఖాళీ.

ఇంటికొచ్చి గుడ్డ తీసుకుని
మళ్ళీ అరచెయ్యంత మేర తుడిచాను.
గడిలో కొత్త అంకెలు.
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
అప్పటికే ఏడు నెలల పాతవి.