టార్చి ఆరినంక

పన్నెండు నిమిషాల సినిమా నాది.
మిర్యాలగూడలో, ఇంకా పొగ వస్తున్న ఒక బియ్యం మిల్లులో తీసిన.
సైదులు వాపసిస్తనని తెచ్చిన కెమెరా,
గాలి చప్పుడు పడకుండా మైకుకు తొడిగిన నా కాలి సాక్సు.
ఈదమ్మ చెప్పిన ముచ్చట, ఈదమ్మ వేషం ఈదమ్మే వేసింది.
వాచ్‌మన్ మదారు వేషం మా చిన్నబావది,
మీసం అతికిస్తే ఉక్కకు రెండుసార్లు ఊడింది.

కథ ఎంతని?
ఆమె మిల్లు ఊడుస్తది.
పొద్దుగూకినంక గేటు దాటుతుంటే
మదారు టార్చి కొడతడు.
కొంగుముడి బరువుగ వేలాడుతుంటది.
అతను టార్చి ఆర్పుతడు.
చీకటి.
చీకటి మీద మా పేర్లు.

నల్లగొండ టౌన్‌హాల్లో చప్పట్లు కొట్టిండ్రు.

హైదరాబాదులో నిర్మాత మంచోడే.
రెండోసారి చూసినప్పుడు ఫోను బోర్లా పెట్టిండు.
"రెండు గంటలు చెయ్యి తమ్మీ" అన్నడు,
"ఇంటర్వెల్ కాడ ఏదన్నా పేలాలె.
ఆమె వయసు ఇరవై ఏండ్లు తగ్గించు,
వాచ్‌మన్‌కు కొంచెం జుట్టు పెట్టు."

సాగదీసిన.
గుప్పెడు జొన్నపిండిని తాంబాళమంత తడితే
రొట్టె నడుమ చిరుగుతది గద, అట్ల.
ఒక పెండ్లి పెట్టిన. ఒక వాన పెట్టిన.
సేటుకు ఒక తమ్ముణ్ని పుట్టించి,
వానికి జీపు కొనిచ్చి,
జీపు వెనుక బోలెడంత దుమ్ము లేపిన.
ముప్పై ఎనిమిదో పేజీ కాడ
దుమ్ము అణిగి చూస్తే
ఈదమ్మ లేదు.

మల్ల మిర్యాలగూడ బస్సెక్కిన.
మిల్లు గోడకు బ్యాంకు నోటీసు,
గొట్టం మీద పావురాలు.
ఆమె ఇప్పుడు రైల్వేస్టేషన్ ముంగట
టిఫిన్ సెంటర్‌ల గిన్నెలు తోముతున్నది.

"టార్చి ఆరినంక ఏమైందో
నువ్వు అడగనే లేదు బిడ్డా"
అన్నది, ఇడ్లీ రేకు మీదినుంచి చూపెత్తకుండ.

"ఏమైంది?"

"సేటు మేడ మీదికెల్లి చూసిండు.
మూడోనాడు మదారును తీసేసిండు.
నన్ను తియ్యలే, చీపురు పట్టేటోల్లు దొరకొద్దా?
కొత్తోడు టార్చి ఆర్పేటోడు కాదు.
కొంగుల కట్టుడు బంద్ జేసిన.
ఇంకెక్కడ కట్టిన్నో చెప్తే
నువ్వు సినిమాల పెడ్తవు.

ఎనిమిది నెల్లు పొయ్యిన మదారు ఇంటికి.
తెచ్చినదాంట్ల సగం ఆల్ల గడపల పోసేదాన్ని.
సగం కంటె తక్కువే, అబద్దమెందుకు.
ఆయన పెండ్లాం జానీబీ
చాట పట్టేది, నోరు తెరిచేది కాదు.
ఒకనాడు మాత్రం తిట్టింది సూడు,
'ఇవేం బియ్యమే, పిల్లగాని పల్లు ఇరిగింది' అని.
ఊడ్చిన బియ్యమాయె, రాల్లు ఉండవా?
ఆమె తిడుతుంటే నా పానం నిమ్మలమైంది.
ఆయింత ఇద్దరం గడపల కూసోని
చెరొక దిక్కు ఏరినం.
దీపం పెట్టెటాల్లదాక ఏరినం."

ఏం మాట్లాడుకున్నరని అడిగిన.
"ఏం మాట్లాడుతం, ఏరినం" అన్నది.
ఒక ముసలాయన చట్నీ అడిగితే లేచి పోయింది.

బండ మీద కూసుండి లెక్క పెట్టుకున్న.
నేను చీకటని రాసుకున్న కాడ
ఆమె ఇంకా నడుస్తనే ఉన్నది,
కాలువ కట్ట మీద, కొంగు పట్టుకొని,
ఎనిమిది నెలలు.
నేనే తొందరపడి హాల్ల లైట్లేసిన.

స్టేషన్‌ల గూడ్సు బండి పోయేదాక ఆగి
నిర్మాతకు ఫోన్ చేసిన.
"దొరికిందన్నా, ఇంటర్వెల్."

"చెప్పు చెప్పు, ఏం పేలుతది?"

"ఇద్దరు ఆడోల్లు బియ్యంల రాల్లు ఏరుతరు."

అటుదిక్కు చాలాసేపు ఏసీ చప్పుడు.
తర్వాత, మెల్లగ,
"ఎంతసేపు ఏరుతరు?"

"బియ్యాన్ని బట్టి అన్నా" అన్న.